పూజకూ పూజకూ మధ్య ఆయిలు

గోవిందరాజ్ వాడిపట్టిలో పుట్టాడు, వాడిపట్టిలోనే బండి తోలుతూ జుట్టు నెరిపించుకున్నాడు. తాతలు పొలం దున్నిన కుటుంబం. ఇతను ఆ చుట్టుపక్కల పండే వంకాయలూ మునక్కాయలూ చిన్న లోడు వ్యానులో వేసుకుని మదురై మార్కెట్టుకు చేరుస్తాడు. ఇంట్లో తిండికైనా, కూతురు లక్ష్మిప్రియ కాలేజీకైనా ఆ వ్యానే ఆధారం. అది ఆగిందంటే ఇల్లు ఆగినట్టే.

అలాంటి బండికి ఆయిలు మార్చడానికి ఈయనగారికి ఏడాదిలో ఒకటే ముహూర్తం, ఆయుధపూజ ముందురోజు. నవ్వకండి, దానికీ ఒక కారణం ఉంది. సింథటిక్ ఆయిలు వచ్చిన కొత్తలో బావమరిది రంగరాజన్, ఊళ్లో మెకానిక్కు, చెప్పాడు: "బావా, ఇది మంచి సరుకు. నువ్వు మదురైకి పోయి వచ్చేదానికి ఏడాదికొకసారి చాలు. పూజకు పూజకు మార్చుకో." మదురై అన్న మాట గోవిందరాజ్ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. పూజ అన్న మాట మాత్రం బుర్రలో పాతుకుపోయింది.

పాత ఆయిలు దించి, కొత్తది పోసి, బండి కడిగాక మిగతా పని భార్య సుగంధిది. అద్దానికి గంధం, కుంకుమ, ముందు గుమ్మడికాయ. డబ్బాలో అడుగున మిగిలిన కాస్త ఆయిలు మాత్రం ఎవరినీ పారబోయనిచ్చేది కాదు. కోడి ఈక ముంచి ఇంటి గేటు బందులకు పూసేది. "వండికి పండగ అయితే గేటుకు లేదా?" అనేది. ఆ ఇంట్లో బండిని అరవంలోలా వండి అంటారు.

పోయినేడు నవరాత్రికి కొలువు బొమ్మలు అటక మీంచి దించుతూ సుగంధి కూలబడింది. గుండె. ఆసుపత్రి దాకా కూడా పోలేదు. ఇంట్లో చావు జరిగితే ఏడాదిపాటు పండగ లేదు గనక ఆయుధపూజ లేదు. పూజ లేదు గనక ఆయిలు మార్చలేదు. పూజ వేరు, ఆయిలు వేరు అని ఆ రోజుల్లో చెప్పేవాడెవరు? రంగరాజన్ చెప్పాలి. పోయింది అతని సొంత అక్క.

గోవిందరాజ్ ఏడవలేదు. పాడె లేస్తున్నప్పుడు చెప్పులెక్కడ విడిచానా అని వెతుక్కున్నాడు. వీధి ఆడవాళ్లు చూసి మొగుడా రాయా అన్నారు. తనలో ఏమీ కదలకపోవడం అతనికీ వింతగానే ఉంది. పెడితే తిన్నాడు, ఉప్పు ఎక్కువైనా తిన్నాడు. ఇంట్లో మాత్రం నిలవలేకపోయాడు. అందుకని దూరపు కిరాయిలు ఒప్పుకున్నాడు. మదురై మార్కెట్టు మానేసి రోజూ ఒట్టన్‌చత్రం. ముందు తిరిగినదానికి మూడింతల దూరం, పైగా నిండు లోడు.

ఈకతో ఆయిలు పూసే మనిషి లేక గేటు కిర్రుమనసాగింది. అతనికి ఆ చప్పుడు పట్టలేదు. కూతురికి మాత్రం అది గుర్తయింది. గేటు కిర్రుమంటే నైనా వచ్చాడని లోపల పళ్లెం పెట్టేది.

ఒకనాడు టీకొట్టు దగ్గర రంగరాజన్ బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"బావా, వండి సత్తం మారిపోయిందే! వినపడలేదా నీకు? ఆయిలు ఎప్పుడు మార్చితివి?"

"పోయినేడు పూజ లేదు గదప్పా."

"పూజ లేకుంటే ఏమి? వండి పరిగెత్తుతానే ఉండాదే, అదీ ఒట్టన్‌చత్రానికి! ఇప్పుడే షెడ్డుకు తీసుకురా."

"సంవత్సరీకం కానీ. పూజనాడు మారుస్తాం."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. గోవిందరాజ్ నిమ్మకు నీరెత్తినట్టు గేరు వేసుకుని పోయాడు.

ఆ వారమే, దిండుక్కల్ దాటాక, స్టీరింగు ఎదుట ఆయిలు గుర్తు ఎర్ర దీపం వెలిగింది. చూశాడు. ఈ ఏడంతా అన్నిటినీ ఎలా చూశాడో అలాగే చూశాడు. కాసేపటికి ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమంది, ఆగిపోయింది. రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఎండకు మునక్కాయలు వాడిపోతున్నాయి. బతుకు మీదికి వచ్చిందని తెలుసు. తెలియడమే గానీ, భయం కూడా రాలేదు.

లాక్కొచ్చిన బండి కింద దూరి రంగరాజన్ మర విప్పాడు. ఆయిలు కారలేదు. మాడిన చింతపండు గుజ్జులా ముద్దముద్దగా జారింది. అతను కిందనుంచి లేచి, నల్ల చేతులతోనే బావ చొక్కా పట్టుకున్నాడు.

"అక్క పోయిందని వండినీ చంపుతావా? నాకు మాత్రం అక్క కాదా ఆమె?" అని బావురుమన్నాడు. గోవిందరాజ్ అతని భుజం తట్టాడు. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

ఇంజిన్ విప్పి, అరిగినవి మార్చి, రంగరాజన్ దాన్ని ఎలాగో బతికించాడు. కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేస్తే మెత్తగా పలికింది. "ఇంక పూజ పేరు ఎత్తద్దు బావా. నువ్వు తిరిగే తిరుగుడుకు పదివేల కిలోమీటర్లు కాగానే రా. తిరగకపోయినా ఏడాదికి రా. ఏది ముందొస్తే అది." అని, అడుగున కాస్త మిగిలిన డబ్బా చేతిలో పెట్టాడు. అక్క అలవాటు తమ్ముడికీ తెలుసు.

సాయంత్రం గోవిందరాజ్ బండి వీధి చివరే నిలిపి, అది పట్టని పెరటిదారిన వచ్చి కోడి ఈక ఏరుకున్నాడు. ముందువైపుకు వచ్చి గేటు బందులకు పూశాడు. తోశాడు. కిర్రుమనలేదు. లోపలికి నడిచి వాకిట్లో నిలబడ్డాడు. లక్ష్మిప్రియ వంటింట్లో ఏదో తరుగుతోంది. తండ్రి వచ్చినట్టు తెలియలేదు.

మరి సుగంధికి ఎలా తెలిసేది? అన్నేళ్లూ ఈ గేటు చప్పుడు చేయలేదు. చేయకుండా చూసుకున్నది ఆమే. అయినా తను గేటు తోసేసరికి చెంబుతో నీళ్లు పట్టుకుని ఈ వాకిట్లో నిలబడి ఉండేది. "ఏమి, ఈ పొద్దు వండికి గొంతు కట్టింది?" అని అడిగేది కూడా. బండి మలుపు తిరిగినప్పటినుంచీ వినేది. ప్రతిరోజూ పనులన్నీ ఆపి, చెవి ఒగ్గి, తన కోసం వినేది. ఇక వినేవాళ్లు లేరు.

గోవిందరాజ్ మెట్టు మీద కూలబడి, ఆయిలు చేతుల్లో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. కత్తిపీట వదిలేసి లక్ష్మిప్రియ పరుగెత్తుకొచ్చింది.

"నైనా! ఎప్పుడు వస్తివి? నాకు వినపడనే లేదే!"