చిన్నమ్మ వంతు నీళ్లు

మా బాపుకు, చనిపోయిన ఆయన తమ్ముడికి కలిపి ఒకటే బావి. మూడు రోజులు మా పొలానికి, మూడు రోజులు ఆ తమ్ముడి భార్య, మా చిన్నమ్మ పొలానికి నీళ్లు పారేవి. తాత నోటితో చేసిన పంపకం అది, కాగితం లేదు. బావి మాత్రం బాపు సర్వే నంబరులో ఉంది.

ఎల్లారెడ్డిపేట దిక్కు కాలువ తవ్వుతామని సర్కారు మా భూములు తీసుకుంది. పరిహారం లెక్కగట్టినవాళ్లు బావి మొత్తం బాపుకు రాసి, చిన్నమ్మ పొలం నీటి వసతి లేని ఖుష్కి అని తేల్చేశారు. ఏటా వరి కోసిన ఆమెకు ఒళ్లు మండదా? బాపు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఆ డబ్బు వస్తుందని కోరుట్ల దగ్గర పొలం బేరమాడి పెట్టుకున్నాడు మరి. నిజం చెప్పాలంటే, ఆయన పలకకూడదనే నేనూ కోరుకున్నాను.

అవి తెలంగాణ కోసం ఊరూరా దీక్షా టెంట్లు వెలిసిన రోజులు. జగిత్యాలలో నా కాలేజీ మూతపడి ఇంటికొచ్చేశాను. సిరిసిల్లలో వకీళ్లు కోర్టులు మానేసి టెంటులో కూర్చునేవాళ్లు. చదువురాని మా చిన్నమ్మ రోజూ పోయి వాళ్ల పక్కనే కూర్చునేది. నినాదాల మధ్య కాస్త సందు దొరికితే చాలు, చట్టం అడిగి వాళ్ల ప్రాణం తోడేసేది. వాళ్లూ ఖాళీయే కదా, ఓపిగ్గా చెప్పారు. ఒప్పుకోలేదని రాయకుండా డబ్బు తీసుకుంటే కోర్టుకు పోయే దారి మూసుకుపోతుందట.

పరిహారం చెక్కులిచ్చే రోజు చిన్నమ్మ ఆఫీసులో బల్ల ముందు నిలబడింది. మా చెక్కు కోసం బాపూ నేనూ ఆమె వెనకే ఉన్నాం.

"పైసలు తీసుకుంట సార్. గని నేను ఒప్పుకోలేదని రాసి తీసుకుంట. బాయిల సగం నాది."

"బాయి నీ నంబర్ల లేదు గదమ్మా" అన్నాడు గుమాస్తా.

అందరూ బాపు వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"బాయి నా నంబర్లనే ఉన్నది సార్" అన్నాడు బాపు. "నీళ్లల్ల సగం మా తమ్మునియి. గిప్పుడు ఆమెయి."

"గట్లంటే కోర్టు తేల్చేదాంక నీ చెక్కు గూడ ఆగుతది."

"ఆగనియ్యి."

"మరి ఆమెకు రాసుడు రాదు గద. ఎవరు రాస్తరు?"

బాపు పెన్ను అందుకున్నాడు. బావి మొత్తం తనకు రాయడం తప్పని, దానికి ఆమె ఒప్పుకోలేదని తన చేత్తోనే రాసి, కాగితం ఆమె ముందుకు జరిపాడు. మరదలి చెయ్యి తాను పట్టుకోడు కనుక నన్ను పిలిచాడు. చిన్నమ్మ బొటనవేలికి సిరా అద్దుతుంటే సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.