బూడిదతో తుడిచిన అద్దం

కెనడాలోని ఎడ్మంటన్ ఊరి బయట, చలి కాచుకునే బొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో ఉండే డాక్టరాంటీకి ఒక పట్టింపు ఉండేది. ఇంటికొచ్చినవాళ్లకు పొయ్యి తలుపు అద్దంలోంచి మంట కనిపించి తీరాలి. తడి కాగితాన్ని బూడిదలో అద్ది, అంట్లు తోమినట్టు ఆ అద్దానికి పట్టిన మసి వదలగొట్టేవారు. అంకుల్ కొనిచ్చిన అద్దాలు తుడిచే స్ప్రే మూత కూడా తీయలేదు. "చల్లారాకే తుడవాలి. వేడి మీద తడి తగిలితే పగులుద్ది," అని మాకు చెప్పింది ఆవిడే.

ఓ జనవరి సాయంత్రం మంచు తుఫానుకు దారి మూసేస్తే, అనుకోకుండా వాళ్లింటికి చేరాం. మేం కోట్లు విప్పేలోపే మసిబట్టిన అద్దం చూసి ఆవిడ నొచ్చుకున్నారు.

"ఉండనివ్వండి ఆంటీ, వెచ్చగానే ఉందిగా," అంటున్నా వినకుండా తడి కాగితం ఆనించారు. అద్దం టప్పున పగిలింది.

"మీరొచ్చిన పూటే ఇలా అవ్వాలా," అన్నారు, మాకేదో లోటు చేసినట్టు.

కొత్త అద్దం వచ్చేసరికి ఆవిడే లేకుండా పోయారు. అంకులే దాన్ని బిగించారు. ఆవిడ ముట్టని ఆ స్ప్రేతో రోజూ తుడుస్తున్నారు. పొయ్యి వెలిగించడం లేదు కదా, ఇక బూడిదెక్కడిది.