టాపు కింద అతుకులు

పోయిన మంగళవారం పొద్దున్న మాస్టారి కోడలు ఫోన్ చేసింది. "మావయ్యగారు పోయారండీ. నిద్రలోనే. మీ నంబరు షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంది, అందుకని చేశాను" అంది. అప్పుడు నేను అత్తిలిలో మా ఇంటి వరండాలో టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన చొక్కా మార్చుకున్నారు, ఇద్దరం తాడేపల్లిగూడెం బయల్దేరాం. 

మాస్టారు మాకు బంధువు కాదు. నాకు బళ్ళో పాఠం చెప్పినవారూ కాదు. ఐటీఐలో వెల్డింగు నేర్పి రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని పని చేసుకునేవారు. ఊరంతా మాస్టారనేది, నేనూ అలాగే పిలిచాను. గుండుగొలను నుంచి కొల్లేటికోట దాకా చేపల చెరువుల వాళ్ళు నీళ్ళు చిలికే ఏరియేటర్లు చెడిపోతే ఆయన దగ్గరికే మోసుకొచ్చేవారు. నేను తీసుకెళ్ళింది రేసు కారు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. వరి పండించే ఇంట్లో పుట్టాను, మెకానికల్ ఇంజనీరింగు చదివాను, ఎవరి పోలికో తెలీదు గానీ కార్ల రేసుల పిచ్చి పట్టింది. పాతదొకటి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. రోల్ కేజ్ లేనిదే దాన్ని ట్రాక్ మీదికి రానివ్వరు. రోల్ కేజ్ అంటే కారు లోపల చుట్టూ కట్టే ఇనుప పైపుల పంజరం. కారు పల్టీ కొడితే టాపు నలిగి నడిపేవాళ్ళ నెత్తిన పడకుండా ఆపేది అదే.

మొదటిసారి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి నా డిజైను గొప్పగా చూపించాను. ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో రంగురంగుల్లో ఉంది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశారు.

"బొమ్మ బావుందమ్మా ఇంజనీరు గారూ. ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు.

నిజమే, నేను లేను. సీటుంది, స్టీరింగుంది, నడిపే మనిషి లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన అదేం పట్టించుకోకుండా నన్ను కారులో కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టించి, బెల్టులు బిగించి, "ఇప్పుడు తల అటూ ఇటూ విసురు తల్లీ" అన్నారు. పైపు రావలసిన చోట ఓ కర్ర పట్టుకుని నిలబడ్డారు. మూడుసార్లు విసిరితే మూడుసార్లూ హెల్మెట్ వెళ్ళి కర్రకి కొట్టుకుంది. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ తరవాత వారం రోజులు ఇనుము ముట్టుకోనివ్వలేదు. చెరువుల్లోకి నీళ్ళు తోడే ప్లాస్టిక్ పైపులు తెప్పించి, వాటితోనే పంజరం కట్టి విప్పి మళ్ళీ కట్టించారు. నా డిజైనులో ఒక ఏటవాలు పైపు వచ్చి ఇంకో పైపు మధ్యలో ఆగింది. దాన్ని చూసి ఆయన మొహం చిట్లించారు. "మోసే పైపు ఇంకో పైపు నడుం మీద కూర్చోకూడదమ్మా. నాలుగు పైపులు కలిసే మూలకి రావాలి. బరువు ఎప్పుడూ కిందికి దిగే దారి వెతుక్కుంటది. దారి మనం చూపించకపోతే మన మీదే దిగుద్ది" అన్నారు. ఈ మాట నేనిప్పటికీ నా దగ్గర పనిచేసేవాళ్ళకి చెబుతుంటాను. నాది కాదని కూడా చెబుతాను.

అసలు పైపు అతికే ముందు రోజూ రెండు చిన్న పైపు ముక్కలు అతికేవారు. వాటిని వైస్‌లో బిగించి సుత్తితో విరిగేదాకా కొట్టేవారు. అతుకు నిలిచి పైపు చిరిగితే ఆ రోజు పని మొదలు. అతుకు ఊడితే మిషను సరిచేసి మళ్ళీ ముక్కలు. పైకి నున్నగా కనిపించి లోపల అంటుకోనిదాన్ని దొంగ అతుకనేవారు. "కొల్లేటి నీళ్ళని మోసం చెయ్యలేమమ్మా, దొంగ అతుకు ఎక్కడుందో వారంలో పట్టేసి ఏరియేటర్ని ముంచేస్తాయి" అని నవ్వేవారు. టీ ఎప్పుడూ సగమే తాగేవారు. మిగతా సగం చల్లారిపోయి గట్టు మీద ఉండేది.

ఇంత ఖచ్చితమైన మనిషి ఒకే ఒక్కసారి తప్పు చేశారు. అది నావల్లే.

నేను రేసులకి వెళ్ళడం నాన్నకి సుతరామూ ఇష్టం లేదు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. మంచి ముహూర్తం చూసి, అందరినీ పిలిచి, కారుకి పూజ చేయించాలి. ముహూర్తం పెట్టేశారు, చుట్టాలకి ఫోన్లు వెళ్ళాయి, ఆ మర్నాడే తమిళనాడు ట్రాక్‌కి లారీ మాట్లాడేశాం. అదే నా మొదటి రేసు.

ముహూర్తం రెండు రోజులుందనగా టాపు కింద నాలుగు మూలలూ మిగిలాయి. పైపుకీ టాపు రేకుకీ మధ్య వేలు కూడా దూరదు, వెల్డింగు గన్ ఎలా దూరుతుంది? కింద నుంచీ పక్కల నుంచీ అతకొచ్చు గానీ పై భాగం అందదు. అందాలంటే కారు నేల రేకుకి కన్నాలు కోసి, పంజరం మొత్తాన్ని జానెడు కిందికి దించి, పైన అతికి, మళ్ళీ లేపి, కాళ్ళ కింద మందపాటి పలకలు వెయ్యాలి. నాలుగు రోజుల పని.

"ముప్పావు వంతు అతికారు కదా మాస్టారూ, చాలు. పైన ఎవరికి కనిపిస్తుంది? నాన్న ఇప్పటికే అందరికీ చెప్పేశారు" అన్నాను.

ఆయన తలెత్తి ఆ మూలల వైపు ఓసారి చూశారు. రంగు వేసేశారు.

పూజ షెడ్డులోనే బ్రహ్మాండంగా జరిగింది. పైపులకి పసుపు రాసి బొట్లు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలింది. చుట్టాలు ప్రసాదం తింటుండగా మాస్టారు చేతులు కట్టుకుని నాన్న ముందుకొచ్చారు.

"ఏవండీ, ఈ బండి రేపు వెళ్ళడానికి వీల్లేదండీ. టాపు కింద నాలుగు అతుకులూ పూర్తి కాలేదు. పంజరం దించి మళ్ళీ అతకాలండీ."

నాన్న మొహం ఎర్రబడింది. "పూజ చేసిన బండి మీద రంపం పెడతారాండీ? అపశకునం కదండీ! ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్పాల్సిందండీ. నలుగురూ వస్తున్నారు, అమ్మాయి ఆశపడతంది అని మొహమాటపడ్డానండీ. తప్పు నాదే. దేవుడికి కొబ్బరికాయ కొట్టాం గదా అని నా తప్పు ఆయన మీదికి తొయ్యలేనండీ."

అంతమంది చుట్టాల ముందు, అరవై దాటిన మనిషి, తలవంచకుండా అన్నారామాట. నేను నోరు విప్పి, చాలని చెప్పింది నేనేనని ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. రేసు పోతుందన్న ఉక్రోషంలో షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన ఆ సంగతి ఆ రోజూ ఎత్తలేదు, తరవాతా ఎత్తలేదు.

నాన్న "మీ ఇష్టమండీ" అని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి మాస్టారు బొట్లు పెట్టిన కారు నేలకి కన్నాలు కోయడం మొదలుపెట్టారు. నా మొదటి రేసు పోయింది. నాలుగు రోజులు ఆయనతో ముభావంగానే పనిచేశాను. ఆయన మాత్రం ఒక్కొక్క అతుకూ పూర్తయ్యాక నన్ను కారులోకి ఎక్కించి, సందులోంచి టార్చి వేసి చూపించి, నేను సరే అన్నాకే రెండోదానికి వెళ్ళారు.

మరుసటి ఏడాది నా మూడో రేసులో వెనక నుంచి ఓ కారు తగిలింది. నా కారు రెండు పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది. నేను బెల్టు విప్పుకుని పాక్కుంటూ బయటికొచ్చాను. భుజం కమిలింది, అంతే.

కారు లారీ మీద తాడేపల్లిగూడెం వచ్చిన రోజు నాన్న కూడా నాతో వచ్చారు. టాపు రేకు పంజరానికి అతుక్కుపోయి పాత సత్తుగిన్నెలా సొట్టలు పడి ఉంది. మాస్టారు గ్రైండరుతో రేకు కోసి పక్కన పడేశారు. ఎవరికీ కనిపించవని నేనన్న ఆ నాలుగు అతుకులూ ఎండలో బయటపడ్డాయి. ఒక్కదానికీ బీట లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊరుకో తల్లీ. ఇదిగో, ఇక్కడ చూడు, ఈ అతుకు కాస్త వంకరపోయింది" అన్నారాయన, మసి పట్టిన వేలితో చూపిస్తూ.

నాన్న వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "మసండీ, మసి అంటుకుంటదండీ" అంటూ మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కోబోయారు. నాన్న వదల్లేదు.