సైగలకు నత్తి

నంద్యాలలో నా ఉద్యోగాన్ని 'వీసీ' అంటారు. బంధువుల్లో ఒకాయన దాన్ని వైస్ ఛాన్సలర్ అనుకుని కొన్నాళ్లు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచేవాడు. వీడియో కాన్ఫరెన్స్ అని తెలిశాక కూర్చునే పలకరిస్తున్నాడు. కాంట్రాక్టు మనిషిని. ఆఫీసుల్లో తెరలు వెలిగించడం, "హలో హలో, వినపడుతోందా సార్" అని అరవడం నా పని. అలవాటు ఎంత ముదిరిందంటే, మహానందిలో దేవుడి ముందు నిలబడ్డా ముందు అదే నోటికొచ్చింది.

ఆళ్లగడ్డ మండల ఆఫీసులోని వీసీ పెట్టె ఒక కంపెనీది, నంద్యాలలోది ఇంకో కంపెనీది. రెండూ చేసేది ఒకే పని. ఒకదానితో ఒకటి మాత్రం మాట్లాడవు. వీడియోలో మొదటి దీర్ఘం, చివరి 'యో' తీసేస్తే మిగిలేది 'విడి' అని నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది.

ఆ రోజు ఆళ్లగడ్డలో ఒక స్త్రీ విచారణ. శిల్పాల షెడ్డులో విగ్రహాలను నునుపు చేసే పని ఆమెది. పుట్టుకతో వినపడదు, మాట లేదు. తండ్రి పోయాక పొలం పాస్‌బుక్‌లో అన్న పేరూ ఆమె పేరూ ఎక్కాయి. ఇప్పుడు ఆమె పేరు తీసేయమని అన్న అర్జీ పెట్టుకున్నాడు. చెల్లెలికి ఇష్టమేనన్నాడు. ఆమె మాట ఏదైనా ఎప్పుడూ చెప్పేది అతనే.

నంద్యాలలో విచారణ చేసే అధికారి మాత్రం ఆమెనే అడుగుతానన్నారు. నంద్యాల బధిరుల బడి నుంచి సైగలు తెలిసిన టీచరమ్మను పిలిపించి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. టీచరమ్మకు బడివాళ్లు ఇచ్చిన అనుమతి రెండు గంటలు. అన్నాచెల్లెళ్లూ నేనూ ఆళ్లగడ్డలో ఉన్నాం. బస్సెక్కితే అయిపోయే దూరమే. కానీ మండలాల విచారణలు తెర మీదే జరగాలని, రికార్డు ఆఫీసు పెట్టెలోనే ఉండాలని ఉత్తర్వు. ఫోన్లో చూపిస్తే చెల్లదు. అప్పటికే రెండుసార్లు పెట్టెలు కలవక వాయిదా పడింది. ఈసారీ జరగకపోతే ఉన్న కాగితాల మీదే తేల్చేస్తారట. ఉన్న కాగితాల్లో ఉన్నది అన్న మాటే.

కలిపాను. పది సెకన్లకు తెగింది. మళ్లీ కలిపాను. మళ్లీ తెగింది. ఆళ్లగడ్డ పెట్టె కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను చాలా మర్యాదగా చెప్పాడు. "రెండు వైపులా మా పెట్టే ఉంటే ఏ సమస్యా ఉండదు సార్. వెనక స్టిక్కర్ మాత్రం ముట్టుకోకండి. చింపితే వారంటీ పోతుంది."

సెట్టింగుల్లోకి పోయే దారి ఆ స్టిక్కర్ కిందే ఉంది.

"ఏందప్పా, ఏమంటాండారు?" అన్నాడు పెద్ద గుమస్తా.

"ఒకదాని భాష ఇంకోదానికి తెలీదు. రెండింటికీ కోడెక్ కలవడంల్యా అన్నా."

"కోడెలా? కోడెలు కలవకపోతే వారం దినాలు ఒకే గాట కట్టేస్తారు. నీకాడ రెండు గంటలే ఉండాయి. వాయిదా రాసేస్తా."

"రాయొద్దన్నా."

"నీకెందుకప్పా? పొలం నీదా?"

"నాకు పొలమే లేదన్నా. అందుకే ధైర్యం."

స్టిక్కర్ చింపాను. ధైర్యం నోటికొచ్చినంత తొందరగా వేళ్లకు రాదు. గోరు రెండుసార్లు జారింది.

కాసేపటికి నంద్యాల గొంతు వినిపించింది. "హలో హలో" అన్నాను. "వినపడుతోంది" అన్నారు. విజయగర్వంతో ఆమె వైపు తిరిగి బొటనవేలు చూపించాను. ఆమె తన చెవి ముట్టుకుని చేయి అడ్డంగా ఊపింది. ఆ గదిలో శబ్దంతో పని లేనిది ఒక్క ఆమెకే. అంతసేపూ నేను శబ్దం కోసమే యుద్ధం చేశాను.

తెర మీద టీచరమ్మ సైగ చేస్తోంది. చేయి ఎత్తినచోట ఆగిపోతోంది, దింపాక ఎక్కడో తేలుతోంది. చెల్లెలు తెర చూసి, తన చేతులు కూడా అలాగే ఎత్తి, గాల్లో ఆపి, ఒక్క కుదుపుతో దింపి నాకు చూపించింది. నా పెట్టెను వెక్కిరిస్తోందని అర్థమైంది. సైగలకు నత్తి పట్టింది.

"దానికేం తెలీదన్నా. ఇష్టమే అని రాసెయ్యి, పోతాం" అన్నాడు అన్న.

అప్పుడు తట్టింది. టీచరమ్మ చెప్పేది పక్కనున్న అధికారికి. ఆ మాట తీగల మీద రానవసరం లేదు. శబ్దం మొత్తం తీసేశాను. పెట్టెల గొడవలో సగం దాంతోనే పోయింది. ఇక బొమ్మ. ఏ కంపెనీ అయినా గొప్పగా చెప్పుకునేది పెద్ద బొమ్మ గురించి, స్పష్టత గురించి. రెండింటినీ తగ్గించి, వేగం పెంచాను. ముఖాలు చుక్కల ముగ్గుల్లా అయ్యాయి. వేళ్లు మాత్రం ఎక్కడా ఆగలేదు.

టీచరమ్మ అడిగింది. చెల్లెలు ఏదో చెప్పి, అన్న వైపు చేయి చూపించింది. నంద్యాలలో అధికారి కాగితం మీద రాసి కెమెరాకు పట్టారు. మాకు కనపడలేదు. ఇంకా పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒక్కో మాట చొప్పున మళ్లీ పట్టారు. 'అన్న.' 'బయటికి.'

"నేను లేకపోతే దానికి ఎవరు చెప్తారు?" అన్నాడతను.

"సారు రాసినాడు గదప్పా. సదువుకున్నోడివే, పో" అన్నాడు గుమస్తా.

తలుపు మూశాక ఆమె చాలాసేపు చెప్పింది. నాకు సైగలు రావు. రాయిని రుద్దడం, మడికి నీళ్లు కట్టడం, ఈ రెండే పోల్చుకున్నాను. చివర్లో అరచేతిని ఛాతీకి బలంగా ఆనించుకుని అలాగే ఉంచింది. టీచరమ్మ అధికారి వైపు తిరిగింది. ఆయన రాయడం మొదలుపెట్టారు. ఆ గదిలో అంత నిశ్శబ్దంగా జరిగిన విచారణ నేను మరొకటి చూడలేదు. ఆపరేటర్‌గా నేనూ నోరు మూసుకున్నది ఆ ఒక్కరోజే.

అన్న అర్జీ కొట్టేశారు. పాస్‌బుక్‌లో ఆమె పేరు అలాగే ఉంది.

వారంలో నాకు మెమో వచ్చింది. స్టిక్కర్ ఎందుకు చింపారు, ఎవరి అనుమతితో శబ్దం తీసేశారు, సంజాయిషీ ఇవ్వండి.

"తెలీక చింపినా అని రాయప్పా. ఇడిచిపెడతారు" అన్నాడు గుమస్తా, తన పెన్ను ఇస్తూ.

తీసుకుని రాశాను: "తెలిసే చింపాను. శబ్దం తీయడానికి అనుమతి ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు. పాములపాడు మండల ఆఫీసులో పెట్టె కూడా వేరే కంపెనీదే. దాని స్టిక్కర్ కూడా చింపవలసి ఉంటుంది. దానికైనా ముందుగా అనుమతి ఇప్పించగలరు."