కోయనివ్వని మెడ

పలమనేరు పశువుల సంతలో దొరస్వామి దళారి. పళ్లు చూసి ఆవు వయసు చెప్పేవాడు. పొద్దున లేస్తానే ఆకూ వక్కా పొగాకూ దవడన పెట్టుకుంటే మళ్లీ పడుకునే ముందే ఉమ్మేది. తొంభైతొమ్మిది ఎండాకాలంలో ఆయన నాలిక అంచున పుండు లేసింది. కారం తగిల్తే మండుతాదని భార్య వరదమ్మ రెండు నెలలు పెరుగన్నమే పెట్టింది. పుండు మానలేదు.

తిరుపతి డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపిస్తే క్యాన్సరని తేలింది. పుండున్న మేర నాలిక తీసేస్తామని, దాంతోపాటు మెడ పక్కన కోసి గ్రంథులు కూడా తీయాలని చెప్పినాడు. చేతికేమీ తగలకపోయినా జబ్బు వాటిల్లోకి పాకి ఉండొచ్చంట. తర్వాత భుజం లేపడం కష్టం కావచ్చని కూడా దాచకుండా చెప్పినాడు.

దొరస్వామి పెండ్లాం పక్క చూసినాడు.

"లేని గడ్డకు మెడెందుకు కోయాల సార్? నాలిక మాత్రం సూడండి," అనింది వరదమ్మ.

డాక్టరు ఎంత నచ్చజెప్పినా వినలేదు. అయితే నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు.

నాలిక తెగినా మాట నిలిచింది, కొంచెం నత్తితో. పొగాకు మళ్లీ ముట్టలేదు. మూడు నెలలు తిరుపతికి పోయినారు. ఆనక వానలొచ్చినాయి, ఇంట్లో ఆవు ఈనింది, మనిషి బాగానే ఉండాడు కదా అని మానుకున్నారు.

ఉగాదికి తలంటుతా ఉంటే వరదమ్మ వేళ్లకు ఆయన దవడ కింద చింతగింజంత గట్టిగా తగిలింది. నొక్కినా నొప్పి లేదన్నాడు. ఆమె నీళ్లు పోసి, తుడిచి, రేపు తిరుపతికి పోదామనింది.

ఈసారి మెడ కోసినారు. జబ్బు గ్రంథిని దాటి చుట్టూ కండలోకి పాకిందని చెప్పి, ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టినారు. దసరా నాటికి అదే పక్క ఇంకో గడ్డ లేసింది. డాక్టరు చేసేదేమీ లేదన్నాడు.

గంజి కూడా దిగని రోజుల్లో ఒక మధ్యాహ్నం వరదమ్మ ఏడ్చింది. ఆ పొద్దు తానే అడ్డం పడ్డానని.

దొరస్వామి ఒక్కొక్క మాటా కూడదీసుకున్నాడు. "నాకూ బయమే... నువ్వు వద్దంటావనే... నీ పక్క సూసినా."

కార్తీకంలో పోయినాడు. చూడను వచ్చినోళ్లు ఆయుస్సు అంతేనన్నారు. వరదమ్మ ఒప్పుకోలేదు. మెడ కోయించి ఉండాల్సింది అని అందరికీ చెప్పింది, వాళ్లు ఇంక చాలన్నా చెప్పింది. ఆయన అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.