సుబ్బరాయలు కూర్చోని సీటు

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో మా వీధి పేరు చెబితే పోస్టుమాన్ కూడా ఒక క్షణం ఆలోచిస్తాడు. సైలెన్సర్ సుబ్బరాయలు వీధి అంటే మాత్రం ఆటోవాడు నేరుగా తెచ్చి దింపుతాడు. అదే వీధిలో పాతికేళ్ళుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న నాకు ఇది ఎప్పుడూ కడుపుమంటే. నా బోర్డు ఆయన రేకుల షెడ్డు తలుపుకన్నా పెద్దది.

సుబ్బరాయలుకు బోర్డే లేదు. షెడ్డు ముందు వేలాడే నాలుగు తుప్పు పొగగొట్టాలే బోర్డు. బస్సు, టెంపో, అంబాసిడరు, ఏది గొంతు చించుకుంటూ వచ్చినా ఆయన చేతిలో పడితే బుద్ధిగా తిరిగిపోయేది. మనిషి మాత్రం పది ప్రశ్నలకు ఒక్క “ఊఁ” అంటాడు. ఆ ఊఁ ఏ ప్రశ్నకో మనమే తేల్చుకోవాలి. ఆయనవాళ్ళూ మావాళ్ళూ ఎన్నో తరాల కిందట ఇటు వచ్చిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. నెల్లూరులో మా పెద్దమ్మ ఇంట చదువుకోబట్టి నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. సుబ్బరాయలుకు రావు. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

సుబ్బరాయలు గురించి చెప్పాలంటే మంగళమక్క గురించీ చెప్పాలి. ఆమె మా పక్కింటావిడ. భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగివచ్చిన మనిషి. అలాంటివాళ్ళను ఇక్కడ సోల్దా అంటారు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక ఫ్రెంచి డాక్టరు దగ్గర ఆయన చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. అరవైల్లో ఇంగ్లండులో తయారైనది. రెండే సీట్లు, మడత పెట్టే పైకప్పు, కప్ప కళ్ళలా పైకి లేచిన దీపాలు, ఎడమ పక్క స్టీరింగ్. వీధి మొత్తం దాన్ని కప్పబండి అనేది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ సోల్దా మామ ఎడమ సీట్లో, అక్క కుడి సీట్లో బీచికి వెళ్ళి వచ్చేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు అలా తిరిగారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆమె చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు. అడిగితే, “నీకు గేరు పడదులే” అనేవాడు.

మామ పోయిన ఏడాదికి, అరవయ్యో ఏట, మంగళమక్క డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేను మొహం మీదే నవ్వాను. మూడు నెలల తరవాత ఆమె లైసెన్సు తెచ్చి నా టైపు మిషను మీద పెట్టింది. “కుడిచేత్తో గేరు వేసేదే నాకు సుళువు జయంతీ. అట్లకాడ పట్టేది ఆ చేత్తోనే గదా” అంది. నేను నోరు మూసుకున్నాను. అది నాకు తరచుగా జరిగే పని కాదు.

అంతలో కప్పబండి మూలపడింది. ఇంజిన్ లోంచి పొగను బయటికి తీసుకొచ్చే పోత ఇనుము ముక్క, మానిఫోల్డ్ అంటారు, నిలువునా పగిలింది. స్టార్ట్ చేస్తే ఫిరంగి మోత. పొగంతా నడిపేవాళ్ళ మొహానికే. కొడుకు బాలమురుగన్ బ్యాంకులో పనిచేస్తాడు. మంచివాడే, కానీ భయస్తుడు. తల్లి ఈ వయసులో నడుమెత్తు కూడా లేని కారులో రోడ్డెక్కడం తలుచుకుంటేనే వాడికి చెమటలు. చెన్నైలో పాత కార్లు సేకరించే ఒకాయనను మాట్లాడి పెట్టాడు. తల్లీకొడుకుల మధ్య వారం రోజులు నడిచిన గొడవ చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. ఆగస్టు నడుమ మొదలయ్యే తమిళ ఆవణి నెల పుట్టేలోపల ఆమె బండి నడిపి చూపించాలి. లేకపోతే బండి చెన్నైకి పోతుంది. అప్పటికి ఇంకా రెండు నెలలు ఉంది. 2006 సంగతి ఇది.

ముగ్గురం కలిసి సుబ్బరాయలు షెడ్డుకు వెళ్ళాం. బాలమురుగన్ ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన బొమ్మ చూపించాడు. పగిలిన ముక్క స్థానంలో పెట్టే కొత్త గొట్టాల సెట్టు అది. హెడర్ అంటారట. ఇంజిన్‌లో పొగ వచ్చే ఒక్కో రంధ్రానికి ఒక్కో గొట్టం, అన్నీ కిందికి పోయి ఒకటవుతాయి. ఒకదాని పొగ ఒకదానికి అడ్డు పడదు కాబట్టి ఇంజిన్ సులువుగా ఊపిరి వదులుతుంది. ఇంగ్లండు నుంచి పార్సెల్లో తెప్పించొచ్చు అన్నాడు.

సుబ్బరాయలు ఆ కాగితాన్ని తలకిందులుగా కూడా చూశాడు. “ఇది మన బండికి పడదు సార్” అన్నాడు.

“ఇదే మోడల్‌కని రాసుండాది గదా?” అన్నాడు బాలమురుగన్.

“వాళ్ళ బండికి స్టీరింగ్ కుడిపక్క. పొగ వచ్చేది ఎడమపక్క. గొట్టాలకు కావలసినంత జాగా. మనది స్టీరింగ్ రాడ్డు కూడా ఈ పక్కనే దిగతా ఉండాది. ఇది పెడితే రాడ్డు యాడ పోతుంది?”

నేను ఆయన నోట విన్నవాటిలో అదే పెద్ద ప్రసంగం. పాతదాన్నే అతికించకూడదా అని అడిగాను. “ఇప్పటికే రెండుతూర్లు అతికించినాను. మళ్ళా నిలవదు” అన్నాడు. మరేం చేద్దాం అంటే, “నేను చేస్తా” అన్నాడు. బాలమురుగన్ షెడ్డు ముందు వేలాడే బస్సు గొట్టాల వైపు చూశాడు. వాడి మనసులో ఏముందో ఆ చూపే చెప్పింది. మంగళమక్క మాత్రం తాళంచెవి తీసి సుబ్బరాయలు చేతిలో పెట్టింది. “నువ్వే చెయ్. నాకు అది తిరిగితే చాలు” అంది.

ఆ రెండు నెలలూ నేను రోజుకు రెండుసార్లు షెడ్డులో తొంగి చూసేదాన్ని. టైపు నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు కాబట్టి తీరిక బాగానే ఉండేది. సుబ్బరాయలు మొదట సన్నటి కమ్మి వంచి గొట్టాలు పోవలసిన దారి చూసుకున్నాడు. నాలుగు సిలిండర్లకు పొగ దార్లు మూడే. నడిమి రెండూ ఒకే దారిలోంచి వస్తాయి. ఆ మూడు గొట్టాలూ ఇంజిన్‌కూ స్టీరింగ్ రాడ్డుకూ మధ్య వేలెడు సందులోంచి దిగాలి. ఇసుకను మూకుడులో తడి లేకుండా వేయించి, గొట్టంలో కూరి, రెండు కొసలకూ చెక్క బిరడాలు కొట్టేవాడు. కొలిమిలో ఎర్రబడ్డాక వంచేవాడు. లోపల ఇసుక ఉంటే గొట్టం వంగిన చోట నొక్కుకుపోదు. వంచింది నచ్చకపోతే పక్కన పడేసి మళ్ళీ మొదలు. అలా పదకొండు గొట్టాలు పాడుచేశాడు. వాటిని చూసి బాలమురుగన్ నిట్టూర్చాడు. నేను వాడిని కసిరాను.

ఇంకో సంగతి కూడా చూశాను, చూసి నవ్వుకున్నాను. సుబ్బరాయలు డ్రైవరు సీటు మీద దుప్పటి కప్పి, దాని మీద ఇంకో దుప్పటి కప్పాడు. అయినా దానిలో కూర్చోడు. స్టార్ట్ చేయాలన్నా బయటే నిలబడి, తలుపు మీంచి చెయ్యి చాచి తాళం తిప్పుతాడు. “ఏం అన్నా, లోపల ముల్లు ఉండాదా?” అని అడిగాను. “ఊఁ” అన్నాడు.

ఆవణికి ఇంకా మూడు రోజులుందనగా పని అయిపోయింది. ఉదయం ఎనిమిదికే వీధంతా పోగైంది. కుర్రాళ్ళు ఆ చిన్న బండిని బయటికి తోసి, వెనక భాగం ఎత్తి వీధికి తిన్నగా తిప్పి పెట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మంగళమక్క మామిడాకు రంగు చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఎడమ సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఆ మోత ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. పాత ఫిరంగి మోత లేదు, కొత్త కార్ల మూలుగూ లేదు. నిండుగా, మెత్తగా, కింద నేలలోంచి వస్తున్నట్టుంది. సుబ్బరాయలు కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన మొహంలో నేను నవ్వు చూడడం అదే మొదటిసారి.

నిమ్మకాయలు చిట్లాయి. బండి తిన్నగా వీధి చివరికి పోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. అక్కడ ఎడమకు తిరగాలి. మంగళమక్క స్టీరింగ్ తిప్పింది. సగం తిరిగి ఆగిపోయింది. ఆమె బ్రేకు తొక్కేలోపల కప్పబండి వెళ్ళి, ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో మూతి దూర్చింది.

పరుగెత్తాం. ఆమె గడ్డం స్టీరింగ్‌కు తగిలి చిట్లింది, అంతకుమించి దెబ్బలేదు. కానీ ఆ మొహం చూడలేకపోయాను. “తిప్పినా జయంతీ, తిప్పతానే ఉండా” అని రెండు చేతులూ చూపిస్తోంది. టీ కొట్టువాడు, “ఆడంగులకు స్టీరింగ్ ఇస్తే ఇంతేగదా” అన్నాడు. వాడిని నేను అన్న మాటలు ఇక్కడ రాయను. కానీ నిజం చెప్పాలి. ఆమెకు కంగారులో చేతులు బిగుసుకుపోయి ఉంటాయనే నేనూ అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కాసేపటికి మంగళమక్క కూడా అదే అనుకోవడం మొదలుపెట్టింది. “మీ నాయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చురా” అంది కొడుకుతో. బాలమురుగన్ చెన్నై ఆయనకు చెప్పడానికి అప్పటికే సెల్‌ఫోను తీశాడు.

సుబ్బరాయలు ఎవరితోనూ మాట్లాడకుండా ఇసుకలో పడుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు రాలేదు. ఆ మనిషి ఏమీ అనకుండా లేచి, దులుపుకుని, షెడ్డుకు వెళ్ళిపోయి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. వీధి మొత్తం తీర్పు చెప్పేసింది. అరవయ్యేళ్ళ ఆడమనిషి తిప్పలేకపోయింది, అంతే.

ఆయన బయటికి వచ్చాడు. జుట్టు నిండా ఇసుక. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి వీధి చివరికి వినబడేలా అరిచాడు. “తప్పు ఆయమ్మది కాదు! నాది!”

అందరినీ వంగి చూడమన్నాడు. స్టీరింగ్ రాడ్డు అతుకు దగ్గర ఒక బోల్టు తల ఉంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు అది కిందికి ఉంటుంది, ఏదీ తగలదు. స్టీరింగ్ తిప్పితే రాడ్డుతోపాటు అదీ తిరుగుతుంది. తిరిగి తిరిగి నడిమి గొట్టానికి అడ్డంగా తగిలి ఆగిపోయింది. కొత్త గొట్టం మీద వేలి గోరంత తెల్లటి గీత. రెండు నెలలు ఆ రాడ్డు పక్కనే పని చేశాడు, అది తిరిగితే ఏమవుతుందో ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

“ఫోను పెట్టెయ్ సార్. ఆవణికి ఇంకా నాళ్ళుండాయి” అన్నాడు బాలమురుగన్‌తో. వాడు తల్లి వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం, బండిని మళ్ళీ షెడ్డుకు తోసుకొచ్చాక, మంగళమక్క గడ్డానికి ప్లాస్టరుతో షెడ్డుకు వచ్చింది. వెనకే నేను. తిడుతుందనుకున్నాను, తిడితే సాయం చేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆమె అడిగింది ఒక్కటే. “ఎందుకు తిప్పి చూడలే?”

సుబ్బరాయలు చేతిలోని సుత్తి కింద పెట్టి చెప్పాడు. పన్నెండో ఏట మారిముత్తు మేస్త్రి దగ్గర పనికి చేరాడు. ఒకరోజు ఒక దొర కారు, తెల్ల తోలు సీట్లు. ఎవరూ లేరని ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. దొర ఏమీ అనలేదు. మేస్త్రి అందరి ముందూ కొట్టాడు. మన చోటు బండి కింద, సీట్లో కాదు అన్నాడు. అప్పటినుంచి ఈ నలభై ఐదేళ్ళలో ఎవరి బండిలోనూ డ్రైవరు సీట్లో కూర్చోలేదు. బస్సుకైతే డ్రైవరు ఉంటాడు, కార్లకు ఓనర్లు ఉంటారు, వాళ్ళే కూర్చుని తిప్పుతారు. ఈ బండికి అలా కూర్చుని తిప్పేవాడు పోయాడు. ఆమెను పిలవాలన్న ఆలోచనే తనకు రాలేదట.

“నలభై ఐదేండ్లు కూచోలేదా?”

“లేదమ్మా.”

“నేను ముప్పై ఒకటి” అంది మంగళమక్క. ఆయన మళ్ళీ సీటు మీద కప్పిన దుప్పట్లు రెండూ లాగి నేల మీద పడేసింది. “ఎక్కు” అంది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరచబోయాడు. ఆమె దాన్నీ లాగేసింది. సుబ్బరాయలు కాళ్ళు తుడుచుకుని, గుడి గడప దాటినట్టు లోపల అడుగుపెట్టి, సీటు అంచున కూర్చున్నాడు. మంగళమక్క టార్చిలైటు తీసుకుని బానెట్ కిందికి వంగింది.

“తిప్పు. ఇంకొంచెం. ఆఁ, ఈడ తగల్తా ఉండాది. ఈసారి ఆ పక్కకు.”

ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టింది. ఆయన దిగి ఆ వంపును కోసి పారేశాడు. మర్నాడంతా మళ్ళీ ఇసుక, కొలిమి, సుత్తి. ప్రతి గంటకూ ఆయన ఎక్కి తిప్పడం, ఆమె కింద చూసి చెప్పడం. సాయంత్రానికి ఆయన సీటు అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చుంటున్నాడు. నేను గమనించాను.

ఆవణి పుట్టడానికి ముందురోజు పొద్దున ఈసారి నిమ్మకాయలు లేవు, చప్పట్లు లేవు. బాలమురుగన్, నేను, టీ కొట్టువాడు, అంతే. మంగళమక్క ఎడమ సీట్లో కూర్చుంది. సుబ్బరాయలు అలవాటుగా బండి పక్కన నడవడానికి నిలబడ్డాడు.

“యాడ నడుస్తావు? ఎక్కు” అంది ఆమె. తను ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న కుడి సీటు చూపించింది.

ఆయన ఎక్కాడు. బండి వీధి చివరికి పోయింది. మేం వెనక పరుగెత్తాం. మలుపు దగ్గర సుబ్బరాయలు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. ఆ మోత ఎడమకు తిరిగి, మెల్లగా దూరమవుతుంటే మంగళమక్క మాట గాలిలో వినబడింది.

“కండ్లు తెరువు సుబ్బరాయలూ, నేను తిప్పేసినా.”