బస్సు ఆలస్యాలు పెంచిన బేకరీ

కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఉదయగిరి బస్సు ఆలస్యం కావాలని రోజూ మొక్కుకునేదాన్నని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆలస్యమైతే ఆత్మకూరు బస్టాండు ఎదుట బేకరీలో ఎగ్ పఫ్ తింటూ పుస్తకం చదువుకోవచ్చు.

ఆ బేకరీ చరిత్రంటే మా బస్సు ఆలస్యాల చరిత్రే. బస్సు మాటిమాటికీ చెడిపోయిన ఏడాది పెద్ద ఓవెన్ వచ్చింది. రోడ్డు తవ్విపోసిన ఏడాది ఫ్యాన్లూ కుర్చీలూ వచ్చాయి. ఈమధ్య వేళకు బయల్దేరే డ్రైవరొకాయన వచ్చి అంత చరిత్రనూ ముంచేశాడు.

పఫ్‌లు మిగిలిపోతుంటే, "ఇట్టయితే అంగడి మూసుకోవాల్సిందే," అన్నాడు బేకరీ తాత.

నిన్న ఆయనే వేడి పఫ్ తీసుకెళ్లి డ్రైవరు చేతిలో పెట్టాడు. రెండోదానికి డ్రైవరే లోపలికొచ్చి కూర్చున్నాడు. టైమైందని నేను బ్యాగు సర్దుకుంటుంటే తాత నవ్వాడు.

"డ్రైవరు ఈడుంటే బస్సు యాడికి పోతాదమ్మా? కూర్చోని చదువుకో."